గేర్‌బాక్సు కింది జాగా

మా అబ్బా గేర్‌బాక్సుకు జాకీ పెట్టడు, ఛాతీ పెడతాడు. తన ఛాతీ కాదు, అరుణ్ ఛాతీ. నాకు ఒళ్లు మండేది అక్కడే.

నకిరేకల్‌లో హైవే దిగి నిమ్మకాయల మార్కెట్ వైపు వస్తుంటే చోటే మియా గ్యారేజీ ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. చోటే మియా మా అబ్బా. కిరాయి జాగా కాబట్టి నేల తవ్వి గుంత చేసుకుంటామంటే యజమాని ఒప్పుకోలేదు. బండిని పైకెత్తే మిషన్ పెట్టేంత పెద్ద షెడ్డూ కాదు. అందుకని బండిని లేపి, నాలుగు మూలలా చెక్కదిమ్మెలు పెట్టి, గోనెపట్టా పరుచుకుని కిందికి దూరుతాం. బోల్టులన్నీ ఊడదీశాక గేర్‌బాక్సు ఎక్కడో ఒకచోట దిగాలి కదా. మిగతా గ్యారేజీల్లో అది జాకీ మీద దిగుతుంది. మా దగ్గర ఒక మనిషి వెల్లకిలా పడుకుని దాన్ని రెండు చేతులతో ఛాతీ మీదికి దించుకుంటాడు. రెండో మనిషి ఇంజన్ వైపు పడుకుని ముందు భాగం పట్టుకుంటాడు. తిరిగి ఎక్కించేటప్పుడూ ఇదే పద్ధతి. గేర్‌బాక్సు షాఫ్టు వెళ్లి క్లచ్ ప్లేటు నడుమనున్న పళ్ల రంధ్రంలో వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. అది కుదిరిందో లేదో ఊపిరి తీసే ఛాతీకి తెలుస్తుందని, జాకీకి తెలియదని మా అబ్బా నమ్మకం.

ఇంజన్ వైపు జాగా అబ్బాది. ఛాతీ జాగా అరుణ్‌ది. కన్నకొడుకునైన నా జాగా బండి బయట, మోకాళ్ల మీద, చేతిలో లైటు పట్టుకుని. వెనకటికి పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైటు మోసేవాళ్లు ఉండేవాళ్లు. వెలుగంతా వాళ్ల నెత్తిమీదే, పెళ్లి మాత్రం ఇంకొకరిది. నా పని అలా తగలడింది.

అరుణ్‌ది పుట్టపాక. నేతపని వాళ్ల ఇల్లు. వాళ్ల నాయిన సిద్దయ్య ఇప్పటికీ మగ్గం మీదే ఉన్నాడు. ఇంటర్ తప్పాక అరుణ్ మగ్గం గుంతలో కాళ్లు పెట్టనని మొండికేసి, నకిరేకల్‌కు పారిపోయి వచ్చి మా షెడ్డు ముందు నిలబడ్డాడు. అబ్బా వాడి వేళ్లు పట్టుకుని చూశాడు. తెగిన దారాన్ని ముడి కనబడకుండా అతికే వేళ్లట. ఆ రోజు మొదలు ఆ వేళ్లకు దిష్టి తీయడమే తక్కువ.

అబ్బా వాణ్ని "బేటా" అంటాడు. నన్ను పూర్తి పేరు పెట్టి ముజఫ్ఫర్ అంటాడు, కోర్టులో పిలిచినట్టు. ఎవరైనా కొత్తవాళ్లొస్తే అరుణ్‌ను చూపించి నా కుడిచెయ్యి అని చెబుతాడు. మరి నేనేమిటో చెప్పడు. రంజాన్ నెలలో అరుణ్ మా అబ్బా ఎదుట మంచినీళ్లు కూడా తాగడు. షెడ్డు వెనక్కి వెళ్లి తాగి, మూతి తుడుచుకుని వస్తాడు. అది చూసి మార్కెట్టంతా మెచ్చుకుంది. ఆ నెలంతా నేను ఉపవాసమే ఉన్నాను. నన్ను మెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. మా అమ్మ ఇక్బాల్ బీ సంగతి ఇంకా ఘోరం. మూలుగుండే నల్లీ బొక్క వండిన రోజు అందులో పెద్దది తీసి, మూత పెట్టి, అరుణ్ కోసం అట్టిపెడుతుంది. అడిగితే నువ్వు ఇంట్లోవాడివే కదా, ఎప్పుడైనా తింటావు అంటుంది. ఆ ఎప్పుడైనా ఎప్పుడో నాకు ఇంతవరకూ తెలియలేదు.

నా భార్య బుష్రా అరుణ్‌కు "నీ సవతి" అని పేరు పెట్టింది. నేను ఇంటికొచ్చి చెప్పులు విప్పే తీరు చూసే ఇవాళ నీ సవతి ఏం చేసిందని అడుగుతుంది. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత జవాబు చెప్పడం మొదలుపెట్టాను.

పోయిన ఎండాకాలం హైదరాబాద్ వెళ్లి గేర్‌బాక్సు జాకీ కొనుక్కొచ్చాను. చక్రాల మీద దొర్లేది, కాలితో తొక్కితే లేచేది. పని తొందరగా అవుతుందని, అబ్బాకు ఒళ్లు నొప్పులు తగ్గుతాయని అందరికీ చెప్పాను. అసలు సంగతి బుష్రాకొక్కదానికే తెలుసు. అబ్బా పక్కన నన్ను ఎలాగూ పడుకోనివ్వడు, కనీసం వాడూ పడుకోకూడదు. అబ్బా ఆ జాకీ చుట్టూ తిరిగి, ఒకసారి కాలితో తొక్కి, మంచిగున్నదన్నాడు. సాయంత్రానికి దాన్ని షెడ్డు మూలకు తోసి దాని మీద మంచినీళ్ల డబ్బా పెట్టించాడు. ఎత్తు సరిగ్గా సరిపోయిందట. రోజూ పొద్దున్నే ఆ డబ్బా నింపేది అరుణే.

అలాంటి రోజుల్లో రామచంద్రం కారు వచ్చింది.

రామచంద్రానికి మెయిన్ రోడ్డులో విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. పొట్ట, బట్టతల, పెళ్లికెదిగిన కూతురు అన్నీ ఉన్న మనిషి. ఆయనకు ఉన్నట్టుండి మోజు పుట్టి, హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రది, రెండే సీట్లు, పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి పడేయొచ్చు. నేలకు జానెడెత్తున పాకుతూ పోతుంది. ఊళ్లో స్పీడు బ్రేకరు కనబడితే చాలు, ఆయన దిగి వంగి చూసుకుని మళ్లీ ఎక్కేవాడు. ఆ కారు ఇప్పుడు ఇంజన్ గోల పెడుతుంది తప్ప ముందుకు పోవడంలేదు. నల్లగొండ రోడ్డు మీద నిమ్మకాయల బస్తాలేసుకున్న ట్రాలీ ఆటో తనను దాటిపోయిందని చెప్పేటప్పుడు ఆయన కళ్లల్లో నీళ్లొక్కటే తక్కువ.

అబ్బా కారులో కూర్చుని, బ్రేకు తొక్కి పెద్ద గేరు వేసి క్లచ్ వదిలాడు. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా అరుస్తూనే ఉంది. క్లచ్ ప్లేటు పూర్తిగా అరిగిందని, ప్లేటు ఆనుకుని తిరిగే ఫ్లైవీల్ చక్రం కూడా చూడాల్సి ఉంటుందని చెప్పి కిందికి దిగాడు. దిగి తలుపు మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఈ మధ్య ఆయనకు ఊపిరి ఆడటంలేదు. నల్లగొండ దవాఖానలో డాక్టరు దుమ్ము, బరువు రెండూ వద్దన్నాడు.

"ఇదే నా ఆఖరి గేర్‌బాక్సు. మంచి బండి దొరికింది. దీని తర్వాత నేను కిందికి పోను" అన్నాడు.

ఆ మాటకు అర్థమేమిటో మా పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. అబ్బాకు పని నేర్పిన ఉస్తాద్ నల్లగొండలో ఉండేవాడు. ఆయన ఆఖరిసారి బండి కిందికి వెళ్లినప్పుడు అబ్బాను పక్కన పడుకోబెట్టుకున్నాడు. లేచి చేతులు తుడుచుకోగానే చోటే మియా ఉస్తాద్ అయిపోయాడు. దండలు లేవు, కాగితాలు లేవు. అంతమంది శిష్యుల్లో ఆ జాగా తనకే దక్కిందని అబ్బా ప్రతి పెళ్లిలో, ప్రతి చావులో చెబుతాడు. అంటే ఈ ఎర్ర కారు కింద అబ్బాతో ఎవరు పడుకుంటారో ఇక మీదట ఈ షెడ్డుకు వాడే ఉస్తాద్.

నోరు తెరిచి అడగమంది బుష్రా. అడగనన్నాను. అడిగి తీసుకునే జాగా అయితే నాకెందుకు? కొడుకును, తనకే తెలియాలి. అయితే మండుతూ కూర్చో అని ఆమె దీపం తీసేసి పడుకుంది.

విప్పే రోజు పొద్దున్నుంచీ ముసురు. నేలంతా నానింది. కారును లేపి దిమ్మెలు పెట్టాం. అబ్బాకొక అలవాటుంది. విప్పిన చక్రాలను పక్కకు పెట్టనివ్వడు, బండి కిందే రెండు వైపులా పడుకోబెట్టిస్తాడు. దిమ్మె మోసం చేసినా చక్రం ఆపుతుందంటాడు. అదీ అయ్యాక గోనెపట్టాలు పరిచారు. నేను చొక్కా చేతులు మడుచుకుని సిద్ధంగా ఉన్నాను. అబ్బా ఎవరి పేరూ పిలవలేదు. పట్టాను అరచేత్తో రెండుసార్లు తట్టాడు, అంతే. అరుణ్ వచ్చి పడుకున్నాడు. వాడు నావైపు చూడనుకూడా లేదు. చూసి నవ్వి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది.

నేను లైటు పట్టుకుని, తల, భుజాలు బండి కిందికి పెట్టి పక్కవాటంగా పడుకున్నాను. బోల్టులు ఒక్కొక్కటే వచ్చాయి. గేర్‌బాక్సు ఇంజన్‌ను వదిలి వెనక్కి జరిగి, అరుణ్ ఛాతీ మీదికి దిగింది. ముందు భాగం అబ్బా రెండు చేతుల్లో ఉంది. అబ్బా కళ్లు మూసుకుని ఉన్నాడు. అరుణ్‌తో పనిచేసేటప్పుడు ఆయన కళ్లు మూసుకునే పనిచేస్తాడు. ఇద్దరూ ఒక్కసారే ఊపిరి తీసుకుంటున్నారు. నేను లైటు కావాలనే కొంచెం పక్కకు తిప్పాను. వాళ్లకు లైటు అక్కర్లేదని అప్పుడే తెలిసింది.

అప్పుడు నా వైపు దిమ్మె కింద తడినేల కుంగింది. పెద్ద చప్పుడేం కాలేదు. కారు ఒక మూల బెత్తెడు దిగి, పడుకోబెట్టిన చక్రం మీద ఆగిపోయింది. అంతా రెప్పపాటులో జరిగింది. ఆ రెప్పపాటులో అబ్బా చేతులు రెండూ గేర్‌బాక్సును వదిలేశాయి. వదిలేసి నా భుజాలను పట్టుకుని నన్ను బయటికి తోశాయి. నేను వెల్లకిలా బురదలో పడ్డాను. లైటు పగిలింది. అబ్బా నా వెనకే పాక్కుంటూ బయటికొచ్చి, నా తల, మెడ, చేతులు తడుముతూ, ఎక్కడ తాకిందిరా, ముజ్జూ, ఎక్కడ తాకిందిరా అంటున్నాడు. చిన్నప్పటి పేరు. నేను మరిచిపోయిన పేరు.

బండి కింది నుంచి మాట వినబడింది.

"ఉస్తాద్. జర పట్టుండ్రి. బరువైతాంది."

అబ్బా ఉలిక్కిపడి మళ్లీ లోపలికి దూరాడు. ఇద్దరం కలిసి గేర్‌బాక్సును అరుణ్ మీద నుంచి పక్కకు దించాం. అబ్బా వదిలేసిన ముందు భాగం వాడి మెడ కింది ఎముక మీద పడింది. చొక్కా కింద అరచేతి మేర కమిలిపోయింది. ఎముక విరగలేదు. ఏమైందని అబ్బా అడిగితే ఏం కాలేదన్నాడు వాడు. లేచి బురద దులుపుకుని, కుంగిన దిమ్మె కింద పెట్టడానికి షాబాదు బండ వెతకడానికి వెళ్లాడు.

నేనేమైనా సిగ్గుపడ్డానా అంటే లేదు. నాకు సంతోషమేసింది. బురదలో కూర్చుని పెళ్లికొడుకులా వెలిగిపోయాను. అబ్బా చేతులు వాణ్ని వదిలి నన్ను పట్టుకున్నాయి. అది ఆలోచించి చేసిన పని కాదు, ఎవరికో చూపించడానికి చేసింది కాదు. ఇన్నేళ్ల బేటాలు, కుడిచేతులు, నల్లీ బొక్కలు అన్నీ ఆ ఒక్క తోపుతో కొట్టుకుపోయాయి. ఇంటికెళ్లి బుష్రాకు ముప్పావు గంట చెప్పాను. ఆమె అంతా విని, "నిన్ను బయటికి నూకిండు, ఆ పిలగాన్ని వదిలిండు. ఇగ నీకు నిమ్మళమేనా?" అంది. నిమ్మళమేనన్నాను. ఆమె ఎందుకో నవ్వలేదు.

క్లచ్ విప్పి చూస్తే ప్లేటు మీద పట్టు కోసం అతికించే మందు మొత్తం అరిగిపోయి రివెట్లు బయటికొచ్చాయి. ఆ రివెట్లు ఫ్లైవీల్ ముఖాన్ని గీరి గీరి గాడులు చేశాయి. వేడికి అక్కడక్కడా నెమలికంఠం రంగు మచ్చలు. లేత్ మీద పెట్టించి నున్నగా చేయిద్దామంటే ఆ గాడులు పోయేసరికి ఇనుము ఏమీ మిగలదు. రెండూ కొత్తవి కావాల్సిందే. ఎడమకాలు ఎప్పుడూ క్లచ్ మీదే పెట్టి నడుపుతావా అని అబ్బా అడిగితే, రామచంద్రం నొచ్చుకుని, ఈ డబ్బాలో కాలు పెట్టుకోవడానికి ఇంకెక్కడ జాగా ఉందన్నాడు.

సామాను హైదరాబాద్ నుంచి రావడానికి ఆలస్యమైంది. ఆ రోజుల్లో నా సంతోషం మెల్లమెల్లగా పాడైపోయింది. అబ్బా అరుణ్‌ను పని ముట్టనివ్వలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి తనే చాయ్ తెచ్చి ఇచ్చాడు. రోజూ చొక్కా గుండీ విప్పించి ఆ దెబ్బను చూశాడు. అమ్మ పసుపు, ఉప్పు మూటగట్టి కాపడం పెట్టమని పంపింది, దాంతోపాటు మేకకాళ్ల పాయా. నలుపు పోయి పసుపుపచ్చగా మారుతుంటే దాని గురించి ఇంట్లో రోజూ మాట్లాడుకున్నారు. ఆ తోపుకు నా మోచెయ్యి గీరుకుపోయింది, దాని సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆ గేర్‌బాక్సేదో నా మీదే పడి ఉంటే ఈ పాయా నాకొచ్చేది కదా అనుకున్నాను. ఆ మాట బుష్రాతో అనేశాను కూడా. "దెబ్బ గూడ నీకే గావాల్నా?" అంది. కావాలి. అదీ ఇదీ, రెండూ కావాలి.

అరుణ్ మాత్రం మారిపోయాడు. చాయ్ తెస్తే తాగాడు, దెబ్బ చూస్తానంటే చూపించాడు, అడిగినదానికి జవాబిచ్చాడు. మధ్యాహ్నం మా ఇంటి అన్నం తినకుండా, పుట్టపాక నుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. అబ్బా చేతులు వదిలేసిన సంగతి వాడు ఎత్తలేదు. అబ్బా ఎత్తలేదు. నేనా, ఎలా ఎత్తుతాను?

కొత్త ఫ్లైవీల్, ప్లేటు వచ్చాయి. బిగించే రోజు ఎండ కాసింది. నేల గట్టిపడింది, దిమ్మెల కింద బండలు పెట్టాం. ఫ్లైవీల్ ముఖాన్ని పెట్రోలుతో తుడిచి, బోల్టులు ఒకదానికి ఎదురు ఒకటి బిగించాం. ప్లేటును సరిగ్గా నడుమకు నిలబెట్టడానికి అబ్బా దగ్గర ఒక కర్ర ఉంది. సిద్దయ్య పాత మగ్గంలో విరిగిన, రోకలి లాంటి కర్రముక్కను ఒకసారి అరుణ్ తెచ్చిస్తే, దాన్ని షాఫ్టు కొలతకు చెక్కించాడు. వాడు తెచ్చిన కర్రకు క్లచ్ నడిబొడ్డులో చోటు, నేను తెచ్చిన ఇనుముకు నీళ్ల డబ్బా కింద చోటు. ఆ కర్రను చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

కర్ర తీసేశాక ఇక మిగిలింది గేర్‌బాక్సు ఎక్కించడం. అబ్బా ఆఖరి గేర్‌బాక్సు. రామచంద్రం కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నాడు. అబ్బా కిందికి వెళ్లి పడుకుని, పట్టాను రెండుసార్లు తట్టాడు.

అరుణ్ కదలలేదు. అబ్బా మళ్లీ తట్టాడు.

"ముజ్జు భాయ్ పండుకుంటడు" అన్నాడు అరుణ్, ఆ రోజు బండి కింది నుంచి విన్న పేరుతో.

నొప్పి ఉందేమోనని అబ్బా అడిగాడు. లేదన్నాడు. నొప్పి లేకపోతే రావడానికేమన్నాడు అబ్బా. వాడెందుకు, నువ్వున్నావు కదా అన్నాడు.

"నేనున్న. అందుకే అడుగుతున్న, ఉస్తాద్. ఇన్నేండ్లు నేనే ఎందుకు?"

గొంతు పెంచలేదు. అబ్బా చెయ్యి పట్టా మీదే ఆగిపోయింది. రామచంద్రానికి ఏమీ అర్థంకాక నావైపు చూశాడు. నాకు అర్థమైంది, బరువు పడే చోట ఇన్నేళ్లూ కన్నకొడుకును ఎందుకు పడుకోబెట్టలేదని వాడడుగుతున్నాడు. కానీ ఆ క్షణంలో నేను అరుణ్ గురించి ఆలోచించానని అబద్ధం చెప్పను. జాగా ఖాళీగా ఉంది, ఎన్నేళ్లుగానో నేను కోరుకున్న జాగా. వెళ్లి పడుకున్నాను.

గేర్‌బాక్సును నా ఛాతీ మీదికి ఎత్తిపెట్టింది అరుణే. జాగ్రత్తగా పెట్టాడు, ఎక్కడ చేతులు వేయాలో చూపించాడు. బరువు పడేసరికి ఊపిరి సగమే ఆడింది. వాడు ఇంత మోశాడా అనుకున్నాను. తల వెనక్కి వాల్చి చూస్తే అబ్బా ముఖం తలకిందులుగా కనబడింది. ఆయన కళ్లు మూసుకోలేదు. షాఫ్టు వైపు కూడా చూడటంలేదు. నా ఛాతీ వైపు చూస్తున్నాడు. ముందు భాగం ఇంజన్‌కు తగిలి టకటకమని చప్పుడవుతుంటే ఏమిటా అనుకున్నాను. ఆయన చేతులు వణుకుతున్నాయి. ఎత్తమన్నాడు, ఎత్తాను. వద్దు దించమన్నాడు. మళ్లీ ఎత్తమన్నాడు. షాఫ్టు ప్లేటును వెతుక్కుంటూ ఒకసారి పైకి, ఒకసారి పక్కకు తగిలింది. ఊపిరి తీసుకో అన్నాడు, మెల్లగా తీసుకో అన్నాడు, బరువుగా ఉందా అన్నాడు. తల ఎత్తి నా మీదికి వంగడంతో ఆయన నుదుటి చెమట నా కంట్లో పడింది.

"నాతోని గాదు" అన్నాడు చివరికి. "అరుణ్, గా జాకీ తే బేటా."

జాకీ ఎక్కడుందో అందరికీ తెలుసు. నాకు అరుణ్ కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కాళ్లు కాసేపు అక్కడే నిలబడి, తర్వాత మూలకు వెళ్లాయి. నీళ్ల డబ్బా దించిన చప్పుడు వినబడింది. గుడ్డతో తుడుస్తున్న చప్పుడు. వాడకంలో లేక తుప్పుపట్టిన చక్రాలు కీచుకీచుమంటూ వచ్చాయి. అరుణ్ వంగి జాకీని గేర్‌బాక్సు కిందికి తోసి, కాలితో తొక్కాడు. నా ఛాతీ మీద నుంచి బరువు లేచిపోయింది.

లేచిపోయినా అబ్బా తన చెయ్యి ఒకటి నా ఛాతీ మీద పెట్టి అలాగే ఉంచాడు. గేర్‌బాక్సు ఉన్న చోటే. అక్కడేమైనా మిగిలిందేమోనని చూస్తున్నట్టు. నేను కోరుకున్నదంతా ఆ చేతిలో ఉంది. పక్కకు తిరిగితే, వంగి జాకీ పట్టుకున్న అరుణ్ ముఖం కనబడింది. వాడు షాఫ్టును చూడటంలేదు, ఆ చేతిని చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. లైటు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్న అన్ని రోజులూ నేను చూసింది అలాగే. వాడు చూపు తిప్పుకోలేదు. నేనే తిప్పుకున్నాను.

అరుణ్ ఇంకొక్కసారి తొక్కాడు. గేర్‌బాక్సు కొంచెం లేచింది. అరచేత్తో వెనక నుంచి మెల్లగా నెట్టాడు. షాఫ్టు ప్లేటులోకి నున్నగా వెళ్లి, మొదటిసారికే కూర్చుంది.

"జాకీకి గూడ తెలుస్తది, ఉస్తాద్" అన్నాడు.